తాళాల సాయిబు తినని కూర

మొన్న మా బీరువా తాళం ఇరుక్కుపోతే బజారులో కొత్తగా కొట్టు పెట్టిన అబ్బాయిని పిలిపించాను. అతను గ్రైండరు తెచ్చి, ఇంటినిండా నిప్పురవ్వలు చిమ్మి, నేను మంచినీళ్ళు తెచ్చేలోపల పని ముగించాడు. ముగించి ఊరుకున్నాడా? తలుపు తీసి లోపలికి తొంగిచూసి, "దీనికా మేడమ్ ఇంత తాళం!" అన్నాడు. అన్నది అబద్ధమేమీ కాదు. ఆ బీరువాలో ఉన్నవి కట్టని చీరలు, చదవని పుస్తకాలు, కప్పుకోని సన్మానం శాలువాలు. దొంగ వచ్చినా జాలిపడి ఏదో ఒకటి పెట్టిపోయే బీరువా అది. అయినా నాకు ఒళ్ళు మండింది. నా లేమి నాకు తెలుసు. ఇంకొకరు తొంగిచూసి చెప్పాలా?

మా తాళాల సాయిబు అయితే చూసేవాడు కాదు.

తాళం లోపల టక్కుమనగానే ఆయన చెయ్యి తీసేసి, వెనక్కి తిరిగి, వీధివైపు ముఖం పెట్టుకుని నిలబడేవాడు. తలుపు మనమే తీసుకోవాలి, మనమే చూసుకోవాలి, మళ్ళీ మనమే మూసి "అయింది సాయిబూ" అనాలి. అంతవరకూ ఆయన, వీధిలో లోకంలో లేని వింతేదో జరుగుతున్నట్టు అటే చూసేవాడు. ఒకసారి నేను ఆయన సంగతి మరిచిపోయి చీరలు మడతపెట్టుకుంటూ కూర్చుండిపోయాను. చాలాసేపటికి గుమ్మం నుంచి గొంతు వినిపించింది. "అమ్మా, ఎండ నా మీదికి జరిగింది. నేను కూడా రవ్వంత జరగొచ్చునా?"

ఆయన పోయి ఇంకా ఏడాది కాలేదు. ఊరు ఎక్కడంటే, వాకాడుకీ తడకీ మధ్య సముద్రం గాలి తగిలే చోట ఎక్కడో అనుకోండి. ఈ కథలో ఒకరి పేరు మార్చాను. ఆయన పేరు మార్చడానికి మనసొప్పక అసలు రాయలేదు.

నేను ఆ ఊరి హైస్కూల్లో తెలుగు పంతులమ్మని. బడిలో నేను సంధులు విడదీస్తుంటే బజారు సందులో ఆయన తాళాలు విడదీసేవాడు. ఆయన విడదీసినవి తర్వాత పనికొచ్చేవి. మతిమరుపు విషయంలో నేను ఆ బడికే పెద్ద దిక్కుని గనుక ఆయనకి ఖాయమైన బేరాన్ని. చెవి పోగొట్టుకున్న తాళం ఎవరి మాటా వినదని నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆయన మాత్రం ఆ తాళాన్ని తన చెవి దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, చిన్నగా ఊపేవాడు. "ఏమంటుంది సాయిబూ?" అంటే, "మీ మీదనే చెప్తుండాదమ్మా, చాడీలు" అనేవాడు.

కొత్త చెవి చేసిచ్చాక తాళం తను తెరిచి చూపించేవాడు కాదు. "మీ చేత్తో తిప్పండి. రేపట్నుంచి దానికి అలవాటు కావాల్సింది మీ చెయ్యి గదా" అనేవాడు. తాళం లేకుండా ఉత్త చెవి తెచ్చి ఇలాంటిదే ఇంకొకటి చెయ్యమన్నవాళ్ళని మాత్రం, "ఇంటాయనని తోడుకోని రా నాయనా, టీ తాగిపోతాడు" అని మర్యాదగా పంపించేవాడు. అలా పంపించినవాళ్ళెవరూ తిరిగొచ్చి టీ తాగినట్టు నేను చూడలేదు.

ఆయన బల్ల మీద నీలం టార్పాలిన్ పట్ట నీడ. ఆ పక్కనే సువార్తమ్మ ఇడ్లీ బండి. నేను మార్చిన పేరు ఇదే. మొగుడు పోయాక ఇద్దరు పిల్లల్ని ఆ బండి మీదే పెంచుతుండేది. ఆయన ఆమెని అక్కా అనేవాడు, ఆమె ఆయన్ని అన్నా అనేది. ఇద్దరిలో ఎవరు పెద్దో మాకే కాదు, వాళ్ళకీ తెలియదు. రోజూ పొద్దున ఆయన టిఫిను అక్కడే. పచ్చి కొత్తిమీర, పచ్చిమిరపకాయలు రుబ్బి చేసే ఆమె పచ్చడి కోసం పక్క ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు. ఆయన తినే తీరు చూస్తే పచ్చడికి ఇడ్లీ నంచుకుంటున్నట్టు ఉండేది.

"అన్నా, ఇంకో రెండిడ్లీ పెట్టుకో. ఒట్టి పచ్చడి తాగుతుండావు."

"ఇడ్లీ ఎవరైనా చేస్తారు గదక్కా."

"అంటే నా ఇడ్లీ బాగలేదనా?"

"చూసినారా టీచరమ్మా! మెచ్చుకున్నా మాట పడాల్సిందే ఈ బజారులో."

ఆ బండి ముందరే ఒక రోజు ఆయన చేతిలో ప్లేటు ఎగిరి, మనిషి పక్కకి ఒరిగిపోయాడు. కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి. పళ్ళు బిగుసుకున్నాయి. నలుగురూ పరిగెత్తారు. "ఫిట్సు! ఫిట్సు! చేతిలో ఇనుము పెట్టండి, తాళాలు పెట్టండి!" అని కేకలు. తాళాలకేం తక్కువ? బల్ల మీద ఊరందరివీ ఉన్నాయి. దొరికినవన్నీ ఆయన రెండు గుప్పిళ్ళలో కుక్కారు. కాసేపటికి తెలివొచ్చింది. ఆయన లేచి కూర్చుని, చేతుల్లోని తాళాలను తేరిపార చూసి, చుట్టూ మూగినవాళ్ళని చూసి, "ఇంతమందివీ ఒక్కసారే పోయినాయా?" అన్నాడు.

తర్వాత నాతో అన్నాడు. "పొద్దస్తమానం నా చేతిలో ఉండేది ఇనుమే గదమ్మా. ఇనుముతో ఆగేదైతే నాకు రావల్సిందే కాదు."

అది ఆగలేదు. గాలి సోకిందన్నారు. దర్గాకి పోయి తాయెత్తు కట్టించారు. సరుగుడు తోటలో ఉచ్చ పోసుంటాడు, అక్కడేదో పట్టుకుందన్నారు. ఊళ్ళో సగంమందికి మరుగుదొడ్డి ఆ సరుగుడు తోటే గనుక, పట్టుకునేదేదో ఒక్క ఆయన్నే ఎందుకు ఎంచుకుందని ఎవరూ అడగలేదు. సైకిలు మీద ఊళ్ళు తిరగడం మానేశాడు. కాలవ గట్టు మీద ఫిట్సు వస్తే ఏం కావాలి? అంతకంటే బాధ, మరుపు మొదలైంది. చెప్పబోయిన మాట మధ్యలో ఆగిపోయేది. ఒకనాడు టైలరు కొట్టు చెవి రేషను కొట్టాయనకిచ్చాడు. ఇద్దరూ నవ్వి మార్చుకున్నారు గానీ ఆయన నవ్వలేదు. నా దగ్గరికి వచ్చి, "మీకు మొదట్నుంచీ ఇట్టానే ఉంటుందా అమ్మా?" అని అడిగాడు. నా మరుపు మీద ఎవరెన్ని ఛలోక్తులు విసిరినా నవ్వేదాన్ని. ఆ ప్రశ్నకి నవ్వలేకపోయాను. నాది మరుపు. ఆయనది పోవడం. రెండూ ఒకటి కాదని ఆయన కళ్ళు చూస్తే తెలిసింది.

బేరాలు తగ్గాయి. "ఫిట్సోడి కాడ ఇంటి తాళమా!" అని బాగుకిచ్చినవి వెనక్కి తీసుకుపోయినవాళ్ళున్నారు. పేదవాడికి కడుపు నొప్పొస్తే కారణం కడుపులో వెతుకుతారు. తలకి జబ్బొస్తే మాత్రం నడతలో వెతుకుతారు. ఏం చేశాడో, ఎక్కడ తిరిగాడో, ఏం తిన్నాడో అని.

ఏం తిన్నాడో అన్నదగ్గరే ఆయన కథ మలుపు తిరిగింది.

ఆయన బావమరిదికి కోళ్ళ దుకాణం. దూకుడు మనిషి, కానీ బావంటే ప్రాణం. అతనే పట్టుబట్టి నెల్లూరు తీసుకుపోయి తలకి స్కానింగు తీయించాడు. అక్కడెవరో ఉద్యోగి ఫోటో చేతికిస్తూ ఒక మాట అన్నాడట. "తలకాయలో పంది పురుగు చేరిందన్నా. తినేవాళ్ళు బాగా ఉడకబెట్టుకోని తినాల గదా."

వాళ్ళిద్దరూ సాయంత్రం బస్సు దిగారు. మాట అంతకుముందే బావమరిది ఫోన్లోంచి దిగి ఊరంతా తిరిగేసింది.

ఆయన భార్య కేకలు వెయ్యలేదు, ఏడవలేదు. ఇంట్లో గిన్నెలన్నీ చింతపండేసి తోమి, ఎండబెట్టి, బోర్లించి, పిల్లని తీసుకుని పక్క ఊళ్ళో ఉన్న పుట్టింటికి వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున బల్ల దగ్గర టీ తాగుతున్న ఒకడు, "ఏం సాయిబూ, క్రిస్మస్‌కి ఎవరింటికి పొయ్యినావు?" అన్నాడు. నలుగురు నవ్వారు. సువార్తమ్మ గరిటె ఎత్తింది. "నీ నోటికి వేసే తాళం ఇంకా ఎవరూ చెయ్యలేదురా. చేస్తే మొదట అన్న దగ్గరే కొంటా." ఆయన మాత్రం తల వంచుకుని ఆకురాయితో ఏదో చెవిని అరగదీస్తూనే ఉన్నాడు. అది ఎప్పుడో అరిగిపోయింది.

డాక్టరు రెండు రకాల మాత్రలిచ్చాడు. ఆయన ఒక రకమే వేసుకుంటున్నాడని నాకు తెలిసి మందలించాను.

"ఫిట్సు మాత్ర మింగుతుండానమ్మా. రెండోది పురుగు మాత్ర. అది మింగను."

"ఎందుకు?"

"మింగితే ఒప్పుకున్నట్టు గదా."

"నువ్వు మింగేది ఎవరు చూస్తారయ్యా?"

"నేను చూస్తా గదమ్మా."

ప్రతి నెలా నా మోకాళ్ళు చూపించుకోవడానికి నెల్లూరు పోతుంటాను. ఆ నెల, "నాకు తోడు రా సాయిబూ, బస్సు దిగేటప్పుడు చెయ్యి పట్టుకుందువు" అని తీసుకెళ్ళి, నా మోకాళ్ళని వదిలేసి ఆయన తలని చూపించాను. పెద్దాసుపత్రిలో నరాల డాక్టరమ్మ చిన్న పిల్ల. మా బడిలో పదో తరగతి పిల్లల మధ్య కూర్చోబెడితే గుర్తుపట్టలేం. ఈయన కుర్చీలో కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

"డాక్టరమ్మా, నేను పుట్టి బుద్ధెరిగినాక అది ముట్టలేదు. అల్లా మీద ఒట్టు."

"ఒట్లెందుకన్నా, కూర్చో. తిన్నావని నేనన్నానా?" ఆమె ఫోటోని వెలుతురుకి పెట్టి చూసింది. "ఇది తిన్నందుకు వచ్చేది కాదు. ఆ మాంసం సరిగా ఉడక్కుండా తిన్నవాళ్ళకి కడుపులో పొడుగు పురుగు పడుతుంది. చానామందికి ఉన్నట్టు కూడా తెలీదు. దాని గుడ్లు వాళ్ళు దొడ్డికి పోయినప్పుడు బయటికి వస్తాయి. వాళ్ళు చేతులు సరిగా కడుక్కోకుండా వంట చేసినా, ఆ మురికి నీళ్ళు పారిన ఆకుకూర మనం పచ్చిగా తిన్నా, ఆ గుడ్లు మన నోట్లో పడతాయి. కడుపులో పగిలి, ఆ పురుగు పిల్లలు నెత్తురులో కలిసి తలకెక్కుతాయి. నీకు జరిగిందదే. జన్మలో కోడిగుడ్డు కూడా ముట్టని పూజారిగారొకరు ఇదే జబ్బుకి నా దగ్గర మందు తీసుకుంటున్నారు."

గుడ్డు ముట్టనివాణ్ణి కూడా గుడ్డు ముట్టుకుందన్నమాట. ఆ మాట పైకి అనలేదు. అనే సమయం కాదు. ఆయన కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకోబోయి, నూనె మరకలు చూసుకుని ఆగిపోయాడు.

"అమ్మా, ఈ మాట మా బావమరిదికి ఫోన్లో చెప్తారా? నేను చెప్తే నమ్మడు."

"చెప్తా. ఇప్పుడే చెయ్యి."

ఆయన ఫోను తీసి నెంబరు వెతుకుతున్నాడు. డాక్టరమ్మ ఏదో రాసుకుంటూ మామూలుగా అడిగింది. "రోజూ ఒకేచోట బయట తింటావా? పచ్చి పచ్చళ్ళు, కొత్తిమీర, అట్టాంటివి? ఉంటే చెప్పు, వాళ్ళకి కూడా పరీక్ష చేయించాలి. కడుపులో ఉన్నట్టు పాపం వాళ్ళకే తెలిసుండదు. మాత్రతో పొయ్యేదే."

ఆయన వేలు ఫోను మీద ఆగిపోయింది. ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

"లేదమ్మా. బయట యాడా తినను. ఇంట్లోనే."

నేను ఆయన వైపు చూశాను. ఆయన కిటికీ వైపు చూస్తున్నాడు.

బస్సు గూడూరు దాటింది. నేనే ఆగలేకపోయాను. "డాక్టరు దగ్గర అబద్ధమాడావేం సాయిబూ?"

"సువార్తక్క వాళ్ళింట్లో పండక్కి ఏం వండుతారో బజారుకి తెల్దా అమ్మా? నేనిప్పుడు పొయ్యి, నేను తిన్లేదు, తిన్నోళ్ళ చేతి నుంచి వచ్చింది అన్నాననుకోండి. గడియ సేపట్లో అందరూ ఎవరి బండి కాడికి పోతారు?"

"ఆమె దగ్గర్నుంచే వచ్చిందని ఎవరు చెప్పగలరు?"

"అదే నేననేది. యాడ నుంచి వచ్చిందో డాక్టరుకే తెల్దు. కాలవ పక్క మళ్ళల్లో పండే ఆకు నుంచో, ఏ పెండ్లిలో తిన్నానో, ఏ బావి నీళ్ళు తాగినానో. డాక్టరుకి తెల్దు గానీ, నేను నోరు తెరిస్తే బజారంతటికీ తెలిసిపోద్ది."

"మరి నీ పరువు? నీ పెళ్ళాం?"

"నాది పరువేనమ్మా. ఆమెది పొయ్యి. పరువు లేకపోయినా పొద్దు పోద్ది. పొయ్యి లేకపోతే పోదు. ఇద్దరు పిలకాయలు చదువుకుంటుండారు."

"నీ భార్యకన్నా చెప్పు."

"ఆమెకి చెప్తే తమ్ముడికి చెప్పకుండా ఉండలేదు, నా మీద మాట పోవాలని. వాడికి చెప్తే కోడి ఈక పీకేలోపల ఊరంతా చెప్తాడు. వాళ్ళది తప్పు కాదు. ప్రేమ."

నన్ను మాత్రం ఒట్టు వెయ్యమనలేదు. వేయించుకుని ఉంటే బాగుండేది. వేసిన ఒట్లు నేను హాయిగా మరిచిపోగలను. అడగని మాట గుర్తుండిపోయింది.

ఇంటికి వచ్చి చేతులు కడుక్కుంటుంటే ఇంకో సంగతి తట్టింది. పండక్కి మా చర్చి విందులో ఆ కూర నేనూ తింటాను. తాళం బాగుచెయ్యడానికి వచ్చినప్పుడల్లా ఆయనకి మజ్జిగ కలిపిచ్చింది కూడా ఈ చేతులే. డాక్టరమ్మ చెప్పిన వరసలో నేనూ ఉన్నాను. అయినా ఆయన నోరు తెరిస్తే బజారు నా గుమ్మంలోకి రాదు. పంతులమ్మ చేతులు శుభ్రమైనవని లోకం ముందే నిశ్చయించేసింది. ఆ రోజు చాలాసేపు కడుక్కున్నాను.

మర్నాడు ఆయన ఒక కోరిక చెప్పాడు. "అక్క మాత్ర మింగాలమ్మా. పిలకాయలకి కూడా ఇప్పియ్యాల. ఉంటే పోద్ది, లేకపోతే ఏం పోదు. కానీ ఆమె ఒక్కదానికే ఇస్తే మళ్ళీ అదే అయితాది. ఎట్టన్నా చెయ్యండి."

మా బడి పిల్లలకి పురుగుల మాత్రలిచ్చే నర్సమ్మని పట్టుకున్నాను. పేర్లేమీ చెప్పలేదు, బజారులో అందరికీ పరీక్ష చేసి మాత్రలిస్తే బాగుంటుందన్నాను. ఆమె డాక్టరుగారితో మాట్లాడి ఏర్పాటు చేసింది. బజారు గొణిగింది. "నాకెందుకూ? నేను గోచీ పెట్టుకున్నప్పటి నుంచి నాకు పురుగుల్లేవు" అన్నాడు టైలరు. అప్పుడు సాయిబు అందరికంటే ముందు పోయి, చెయ్యి చాచి, మాత్ర తీసుకుని అందరి ముందరా మింగాడు. ఊరంతా మింగే మాత్ర ఒప్పుకోలు కాదు గదా. ఆ తర్వాత పెద్దాసుపత్రిలో కొన్నాళ్ళుండి తన మందు కూడా పూర్తిగా వాడాడు. వచ్చాక బల్ల పక్కన ఒక నీళ్ళ డ్రమ్ము పెట్టి, దానికి కుళాయి బిగించి, తాడుకి సబ్బు కట్టాడు. "నావి నూనె చేతులు, కడుక్కోవాల" అని సాకు. నెల తిరిగేసరికి ఆ సబ్బుకి ఊరంతా హక్కుదారులు. సువార్తమ్మ పిండిలో చెయ్యి పెట్టేముందు అక్కడే కడుక్కునేది. టిఫిను మాత్రం ఆయన అక్కడే తినేవాడు, ఒక్క రోజు మానకుండా. మానితే ఎవరైనా ఎందుకని అడుగుతారు.

ఫిట్సు దాదాపు ఆగిపోయాయి. పోయిన జ్ఞాపకం మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. ఒక్కో రోజు నన్ను చూసి పేరు కోసం తడుముకుని, చివరికి "చెవులు పారేసే అమ్మా" అనేవాడు. అంతకంటే మంచి పేరు నాకెవరూ పెట్టలేదు.

కొన్ని నెలలకి భార్య తిరిగి వచ్చింది. ఆ కబురు చెప్పడానికి ఆయనే మా ఇంటికి వచ్చాడు.

"నన్ను మాఫ్ చేసిందమ్మా. తప్పు ఎవరైనా చేస్తారు, క్షమించేవాడు పైన ఉండాడు, నేనెవరు అనింది."

"చెయ్యని తప్పుకి మాఫీ ఎట్లా ఉంటుంది సాయిబూ?"

"ఇంకొకరి కొలతకి కుట్టిన చొక్కా మాదిరి ఉండాదమ్మా. రవ్వంత బిగువు. తొడుక్కున్నా."

ఏళ్ళు గడిచినా ఆ చొక్కా ఆయన చివరిదాకా విప్పలేదు. కిందటేడు వానల్లో, బల్ల ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. తల కాదు, గుండె.

మనిషి పోయిన ఇంట్లో మూడు రోజులు పొయ్యి వెలిగించరు. తిండి ఇరుగుపొరుగు తెచ్చి పెడతారు. రెండో రోజు నేను వెళ్ళేసరికి ఆడవాళ్ళు వచ్చిపోతున్నారు. సువార్తమ్మ పంపిన టిఫిన్ క్యారియరు మూత తియ్యకుండా గోడవారగా ఉంది. బావమరిది గుమ్మం బయట నిలబడి ఉన్నాడు. ఆయన భార్య తెల్ల దుప్పటి కప్పుకుని చాప మీద కూర్చుని ఉంది. నన్ను పక్కన కూర్చోమంది. మిగిలిన వాళ్ళు లేచి వెళ్ళాక అడిగింది.

"టీచరమ్మా, ఆయనతో డాక్టరు దగ్గరికి పొయ్యింది మీరొక్కరే. ఇప్పుడన్నా నిజం చెప్పండి. ఆయన అది తిన్నాడా?"

"ఎందుకమ్మా ఇప్పుడు?"

"దువా చెయ్యాల గదా. నేనింక ఆయనకి పెట్టగలిగింది అదొక్కటే. దేనికి మాఫీ అడగాల్నో తెలియకపోతే ఏమని అడిగేది?"

"తినలేదమ్మా" అన్నాను.

"మరి ఎట్టా వచ్చింది?"

తలెత్తితే గుమ్మంలో సువార్తమ్మ. క్యారియరు కోసం వచ్చింది కాబోలు, చేతిలో ఇంకొకటి ఉంది. ఇన్నేళ్ళు మాటలు అమ్ముకుని బతికినదాన్ని, ఒక్క మాట దొరకలేదు.

సువార్తమ్మ లోపలికి వచ్చింది. ఎవరూ పిలవకుండానే ఆయన భార్య ఎదురుగా కింద కూర్చుంది.

"వదినా, ఆయన తిన్లేదు. తిన్నది నేను."

ఆయన భార్యకి అర్థం కాలేదు.

"పండక్కీ పబ్బానికీ మేం తింటాం. ఆ పురుగు నా కడుపులో ఉన్నిందో లేదో దేవుడికే తెలియాల. ఉండుంటే, దాని గుడ్లు నా చేతుల నుంచి పచ్చడిలో పడుంటాయి. అన్న నా పచ్చడి తిన్నాడు. అంతకుమించి ఆయన చేసిన తప్పేం లేదు. నర్సమ్మని ఒంటరిగా అడిగి అంతా తెలుసుకున్నా. బజారులో అందరికీ మాత్రలిచ్చిన దినం, నేను మింగిందాకా అన్న నా బండి కాడ నుంచి కదల్లా. ఇంకెవరి కాడా నిలబడలా. అప్పుడే నాకు తెలిసిపోయింది. తెలిసి కూడా నోరు మూసుకున్నా. ఆయన మోస్తా ఉంటే చూస్తా ఉన్నా. పిలకాయల చదువులు గదా అని. ఇప్పుడు చదువులైపొయ్యినాయి. బండి మూసుకోమంటే మూసుకుంటా."

గుమ్మం బయట బావమరిది తల తిప్పాడు. అతనికి అంతా వినపడింది.

ఆయన భార్య చాప పుల్ల ఒకటి గిల్లుతూ కూర్చుంది.

"ఇన్నేళ్ళూ" అంది చివరికి, మాలో ఎవరితోనూ కాదు, "ఇన్నేళ్ళూ నేను ఆయన్ని మాఫ్ చేస్తా వచ్చినానే. అన్నం పెట్టినప్పుడల్లా."

సువార్తమ్మ ఏడుస్తోంది. ఆయన భార్య మాత్రం ఏడవలేదు. గుమ్మం వైపు తిరిగి తమ్ముణ్ణి పిలిచింది.

"ఒరే, మీ బావ తిన్నాడని ఎంతమందికి చెప్పినావో, అంతమంది దగ్గరికీ పో. తిన్లేదని చెప్పు. జుమ్మా నమాజుకి వచ్చినోళ్ళకి కూడా చెప్పు. సువార్తక్క పేరు మాత్రం ఎత్తబాక."

"మరి ఎట్టా వచ్చిందని అడిగితే ఏం చెప్పేదక్కా?"

ఆమె చెయ్యి చాచి గోడవారనున్న క్యారియరు దగ్గరికి లాక్కుని మూత తీసింది.

"చేతులు కడుక్కోని తినమని చెప్పు."